తరుగు చూపించని కాంటా: బెట్టింగ్ యాప్‌లో ఫీజు ఎక్కడ దాక్కుంటుంది? ‘నమ్మకమైన సైట్’ అనేది ఉందా?

సూర్యాపేట మార్కెట్ యార్డులో కాంటా అయ్యాక రైతు తక్‌పట్టీ చేతిలోకి తీసుకుని మొదట చూసేది కోతలనే. తరుగు ఎంత తీశారు, హమాలీ ఎంత, చేతికి వచ్చేది ఎంత. మిర్యాలగూడ మిల్లుల దగ్గర క్వింటాకు ఒక్క కిలో ఎక్కువ తీసినా రైతు ఊరుకోడు, మాట పెరిగి రోడ్డు మీద ధర్నా దాకా పోతుంది. పండ్ల బండి నడిపే వాళ్ళు, మెకానిక్ షాపు వాళ్ళు, కోదాడ బస్టాండ్ దగ్గర చిన్న హోటల్ పెట్టుకున్న వాళ్ళు, అందరికీ కమీషన్ అంటే ఏమిటో బాగా తెలుసు.

కానీ ఐపీఎల్ మొదలైతే అవే ఇళ్ళల్లో, పిల్లల ఫోన్లలో ఇంకో కాంటా నడుస్తుంది. అక్కడ తరుగు ఎంత అని అడిగేవాళ్ళు లేరు. ఎందుకంటే అక్కడ తరుగు రాసి ఉండదు. ‘నో ఫీజు, నో కమీషన్, ఇన్‌స్టంట్ విత్‌డ్రా’ అని మాత్రం పెద్ద అక్షరాలతో ఉంటుంది.

కుర్రాళ్ళ మధ్య తిరిగే ప్రశ్నలు రెండే. ఏ సైట్‌లో ఫీజు తక్కువ? ఏ సైట్ నమ్మకమైనది? రెండింటికీ జవాబు ముందే చెప్పుకుంటే మంచిది. ఫీజు లేని బెట్టింగ్ సైట్ ప్రపంచంలో ఎక్కడా లేదు, ఫీజు రేటులోనే కలిసి ఉంటుంది. ఇక తెలంగాణలో ఉండే మనిషికి నమ్మకమైన బెట్టింగ్ సైట్ అనేదే ఉండదు, ఎందుకంటే ఇక్కడ దేనికీ చట్టం అనుమతి లేదు, డబ్బు పోతే ఇప్పించేవాడు లేడు. ఈ రెండు మాటలు ఎందుకు నిజమో లెక్కతో చూద్దాం.

రేటులోనే ఉంది అసలు కోత

ఒక మ్యాచ్ అనుకుందాం. రెండు జట్లూ సమానం, ఎవరైనా గెలవచ్చు. న్యాయంగా అయితే 100 రూపాయలు పెట్టినవాడు గెలిస్తే 200 తిరిగి రావాలి. అంటే రేటు 2.00 ఉండాలి. కానీ యాప్‌లో రెండు జట్ల పక్కన 1.90, 1.90 అని కనిపిస్తుంది. ఆ పది పైసల తేడాయే తరుగు.

ఎలాగంటే, ఒకడు మొదటి జట్టు మీద 100 పెట్టాడు, ఇంకొకడు రెండో జట్టు మీద 100 పెట్టాడు. యాప్ దగ్గర చేరింది 200. ఏ జట్టు గెలిచినా యాప్ ఇచ్చేది 190. మిగిలిన 10 రూపాయలు యాప్‌వి. అంటే నూటికి 5. మ్యాచ్ ఎవరు గెలిచారన్నది యాప్‌కు అక్కర్లేదు. రెండు వైపులా డబ్బు సరిసమానంగా పడితే చాలు.

ఈ లెక్క ఎవరైనా తమ ఫోన్లో చేసుకోవచ్చు. ఒక్కో రేటుతో 100ను భాగించి, వచ్చిన అంకెలను కలపాలి. 100ను 1.90తో భాగిస్తే 52.63 వస్తుంది. రెండు వైపులా కలిపితే 105.26. న్యాయమైన ఆటలో ఇది సరిగ్గా 100 ఉండాలి. 100 కంటే ఎంత ఎక్కువ ఉంటే అంత కోత ఉన్నట్టు.

‘ఈ ఓవర్లో ఎన్ని పరుగులు’, ‘తర్వాతి బంతి ఫోరా, వికెట్టా’ లాంటి లైవ్ పందేల్లో రేట్లు ఇంకా తక్కువగా ఇస్తారు. ఉదాహరణకు రెండు వైపులా 1.80, 1.80 అని ఉంటే 200 మీద యాప్ ఇచ్చేది 180. కోత నూటికి 10. పందెం ఎంత తొందరగా తేలిపోతే, ఆడేవాడికి రేటు చూసుకునే తీరిక అంత తక్కువ.

19లో 10 గెలవాలి, అప్పుడు కూడా లాభం సున్నా

1.90 రేటు మీద ఒకడు 100 చొప్పున 19 పందేలు కట్టాడనుకుందాం. 10 గెలిచాడు, 9 ఓడాడు. గెలిచిన ఒక్కోదానికి 90 లాభం, మొత్తం 900. ఓడినవి 900. చేతికి మిగిలింది సున్నా. అంటే సగం కంటే ఎక్కువ సార్లు సరిగ్గా చెప్పినవాడికి కూడా ఒక్క రూపాయి మిగల్లేదు. రేటు 1.80 అయితే 9 పందేల్లో 5 గెలిస్తే గానీ లెక్క సమానం కాదు.

‘నాకు క్రికెట్ బాగా తెలుసు’ అనేవాడు ఇక్కడే మోసపోతాడు. అతనికి క్రికెట్ తెలిసే ఉండొచ్చు. కానీ రేటు పెట్టేవాళ్ళ దగ్గర అంతకంటే ఎక్కువ సమాచారం, కంప్యూటర్లు, స్టేడియం నుంచి టీవీ కంటే కొన్ని సెకన్లు ముందే వచ్చే స్కోరు ఉంటాయి. బంతి పడిందని కోదాడలో ఫోన్ చూసేవాడికి తెలిసేసరికి అక్కడ రేటు మారిపోయి ఉంటుంది.

ఒక సీజన్ లెక్క చూద్దాం. 2022 నుంచి ఐపీఎల్‌లో 74 మ్యాచులు జరుగుతున్నాయి. మ్యాచ్‌కు 500 చొప్పున 10 పందేలు కట్టేవాడు రోజుకు తిప్పేది 5,000. మొత్తం సీజన్‌లో 3,70,000. నూటికి 5 కోత అంటే సగటున 18,500 పోతుంది. లైవ్ పందేల్లో కోత 10 అయితే 37,000. జేబులో ఎప్పుడూ ఐదు వేలకు మించి లేనివాడు కూడా లక్షల మీద తరుగు కడుతున్నాడు. ఎందుకంటే కోత పడేది జేబులో ఉన్న డబ్బు మీద కాదు, తిప్పిన ప్రతి రూపాయి మీద.

‘మరి గెలిచినోళ్ళు ఉన్నారు కదా’ అంటారు. ఉన్నారు. పది మంది కడితే ఒక రాత్రికి నలుగురైదుగురు గెలుస్తారు. గెలిచినవాడు స్క్రీన్‌షాట్ స్టేటస్‌లో పెడతాడు, ఓడినవాడు ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. ఊళ్ళో కనిపించేది మొదటివాడు మాత్రమే.

గల్లీ బుకీ దగ్గర తక్కువ, ఉధార్‌లో ఎక్కువ

యాప్‌లు రాకముందు నుంచే మన పట్టణాల్లో పైసల భావ్ మీద పందేలు ఉన్నాయి. భావ్ 80-82 అంటే, జట్టు గెలుస్తుందని 1,000 పెట్టినవాడికి 800 లాభం. ఓడుతుందని పెట్టినవాడు, ఆ జట్టు గెలిస్తే 820 కట్టాలి. మధ్యలో ఉన్న 20 రూపాయలు బుకీవి. కాగితం మీద చూస్తే ఇది యాప్ కోత కంటే చిన్నదే.

కానీ బుకీ దగ్గర అసలు ప్రమాదం భావ్‌లో కాదు, ఖాతాలో ఉంది. చేతిలో పైసా లేకుండా ఫోన్ మీదనే పందెం నడుస్తుంది. లెక్క తేల్చే రోజు వచ్చేసరికి మొత్తం పెద్దదై ఉంటుంది. అప్పుడు బైక్ తాళం పోతుంది, షాపులో సరుకు పోతుంది, ఇంట్లో అమ్మీ జేవర్ మీద కన్ను పడుతుంది. ఇప్పుడు ఆ పాత బుకీ ఏజెంటుగా మారి వాట్సాప్‌లో ‘ఐడీ’ ఇస్తున్నాడు. ఒక పాయింట్ ఒక రూపాయి. పాత ఉధార్, కొత్త స్క్రీన్ కలిసిపోయాయి.

బోనస్ అనే ఎర

‘5,000 వేస్తే 5,000 బోనస్’ అంటారు. కింద చిన్న అక్షరాల్లో షరతు ఉంటుంది. వేసినదీ, బోనసూ కలిపి పది రెట్లు ఆడితే తప్ప విత్‌డ్రా కుదరదు అని. పది వేలకు పది రెట్లు అంటే లక్ష రూపాయల పందేలు. నూటికి 5 కోత లెక్కన లక్ష మీద పోయేది 5,000. ఇచ్చిన బోనస్ మొత్తం అక్కడికే సరి. బోనస్ ఫ్రీ కాదు, ఎక్కువ తిప్పించడానికి ఇచ్చే కూలి.

కాంబో పందెం ఇంకో ఎర. నాలుగు మ్యాచుల విజేతలను కలిపి చెబితే పెద్ద మొత్తం వస్తుందని చూపిస్తారు. నాలుగూ సమాన మ్యాచులైతే 100 రూపాయలకు న్యాయంగా రావాల్సింది 1,600. 1.90 చొప్పున నాలుగు సార్లు గుణిస్తే యాప్ ఇచ్చేది 1,303. కోత నూటికి 18 దాటిపోయింది. ‘వందకు పదమూడు వందలు’ అనే అంకె కళ్ళకు పెద్దగా కనిపిస్తుంది గానీ, మూడు వందలు ముందే తీసేశారన్నది కనిపించదు.

ఇక టెలిగ్రామ్‌లో టిప్స్ ఇచ్చే ‘భాయ్’ సంగతి. అతను ఇచ్చిన లింకు మీద చేరిన ప్రతివాడి మీదా అతనికి కమీషన్ వస్తుంది. ఈ వ్యాపారంలో చాలాచోట్ల ఆ కమీషన్‌ను లెక్కగట్టేది చేరినవాళ్ళ నష్టంలో వాటాగా. అంటే మనం ఓడితే అతనికి ఆదాయం. అలాంటివాడు ఫ్రీగా టిప్ ఎందుకు ఇస్తున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

‘లైసెన్స్ ఉంది’ అంటే ఎవరి లైసెన్స్?

నమ్మకమైన సైట్ అని చెప్పేవాళ్ళు ముందు చూపించేది లైసెన్స్. చాలా సైట్ల కింద కురసావ్ అనే పేరు ఉంటుంది. అది కరేబియన్ సముద్రంలో, నెదర్లాండ్స్ రాజ్యంలో భాగమైన ఒక చిన్న దీవి. అక్కడ లైసెన్స్ విధానం ఏళ్ల తరబడి చాలా వదులుగా నడిచింది. 2024 డిసెంబర్‌లో కొత్త చట్టం తెచ్చారు. కొత్తదైనా పాతదైనా, ఆ కాగితం భారతదేశంలో పందేలు తీసుకోవడానికి అనుమతి ఇవ్వదు. మిర్యాలగూడలో డబ్బు ఆగిపోయినవాడు ఆ దీవికి పోయి కేసు వేయడు.

బ్రిటన్ సంగతి వేరు. అక్కడ 2005 చట్టం కింద గ్యాంబ్లింగ్ కమిషన్ ఉంది. లైసెన్స్ ఉన్న కంపెనీ మీద ఫిర్యాదు తేలకపోతే వేరే సంస్థ ముందు పెట్టే ఏర్పాటు ఉంది. 2020 ఏప్రిల్ నుంచి క్రెడిట్ కార్డుతో పందెం కట్టడాన్ని నిషేధించారు. ‘రిలయబుల్ బుక్‌మేకర్’ అనే మాట అలాంటి దేశాల నుంచి వచ్చింది. అక్కడ కూడా ఆ మాటకు అర్థం, పోయే డబ్బు రూల్స్ ప్రకారం పోతుంది అని మాత్రమే. కోత అక్కడా ఉంది. ఇక్కడ ఆ రూల్స్ కూడా లేవు, కోత మాత్రం ఉంది.

ఇంకో ముఖ్యమైన విషయం చాలామందికి తెలియదు. భారత కాంట్రాక్టు చట్టం 1872లో సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పందెంలో గెలిచిన సొమ్ము కోసం కోర్టులో దావా వేయడం కుదరదు. దీనికి రెండు వైపులున్నాయి. యాప్ మన గెలుపు డబ్బు ఎగ్గొడితే కోర్టు ఇప్పించదు. అదే విధంగా, పందెం బాకీ కోసం బుకీ కూడా కోర్టుకు పోలేడు. అందుకే అతను ఇంటి ముందుకు వస్తాడు. బెదిరింపులే అతని వసూలు పద్ధతి, వాటికి లొంగి పోలీసుల దగ్గరికి పోకపోతేనే అతని బాకీ వసూలవుతుంది.

చట్టం ఎక్కడ నిలబడింది

జూదంలో ఫీజు అనే ప్రశ్న మన దగ్గర కొత్తది కాదు. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ రమ్మీ కేసులో సుప్రీంకోర్టు 1967లో ఇచ్చిన తీర్పు ఇప్పటికీ లాయర్లు చెబుతుంటారు. రమ్మీలో నైపుణ్యానిదే పెద్ద పాత్ర అని, పేక ముక్కలకూ సదుపాయాలకూ క్లబ్బు తీసుకునే చిన్న ఫీజును జూదం లాభం అనలేమని కోర్టు చెప్పింది. నిర్వాహకుడు ఆట మీదనే లాభం తీస్తుంటే అది నేరం కావచ్చనీ ఆ తీర్పులోనే ఉంది. అంటే ఫీజు ఎవరికి, దేనికి అన్నది అప్పటి నుంచీ గీతలాంటిది. పందెం మీదనే కోత తీసే యాప్ ఆ గీతకు ఏ వైపు ఉందో తేలిగ్గానే తెలుస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించింది. ముందు ఆర్డినెన్స్, తర్వాత అసెంబ్లీలో చట్టం. జూదగృహం అనే మాటలోకి ఆన్‌లైన్‌ను కూడా తెచ్చింది. నైపుణ్యం ఆటలకు ఉన్న మినహాయింపును తీసేసింది. అందుకే డబ్బుతో ఆడే ఫాంటసీ యాప్‌లు మిగతా రాష్ట్రాల్లో నడిచిన రోజుల్లో కూడా తెలంగాణలో అనుమతి లేదని రాసి ఉండేది. కోదాడ నుంచి రామాపురం క్రాస్‌రోడ్డు దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి పోయినా పరిస్థితి మారలేదు. 2020లో ఆ రాష్ట్రం కూడా నిషేధించింది. ఫోన్లో లొకేషన్ మార్చి ఆడితే, గెలిచినప్పుడు అదే సాకుగా ఖాతా మూసేయడం యాప్‌కు సులువు.

కేంద్రం 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహం, నియంత్రణ చట్టం తెచ్చింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. నైపుణ్యమా అదృష్టమా అనే తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ ఇందులోకి వచ్చాయి. నడిపేవాళ్ళకు 3 సంవత్సరాల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవాళ్ళకు 2 సంవత్సరాల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. డబ్బు లావాదేవీలకు సహకరించే సంస్థలకూ శిక్ష ఉంది. ఆడినవాడికి కేంద్ర చట్టంలో శిక్ష పెట్టలేదు. రాష్ట్ర చట్టంలో మాత్రం జూదగృహంలో ఆడుతూ దొరికినవాడికీ శిక్ష ఉంది, ఆ తేడా మరిచిపోవద్దు. కేంద్ర చట్టాన్ని సవాలు చేస్తూ వేర్వేరు హైకోర్టుల్లో వేసిన పిటిషన్లను సుప్రీంకోర్టు తన దగ్గరికి తెచ్చుకుంది.

దీనికి ముందు, 2025 మార్చిలో హైదరాబాద్‌లో పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారం మీద కేసులు నమోదయ్యాయి. సినిమా నటులు, యూట్యూబర్లు ఆ కేసుల్లో ఉన్నారు. కొందరు తాము ప్రచారం చేసింది అనుమతి ఉన్న రాష్ట్రాల కోసమేనని, కొందరు ఆ ఒప్పందం ఎప్పుడో ముగిసిందని వివరణ ఇచ్చారు. అప్పట్లో ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ సోషల్ మీడియాలో ఈ యాప్‌ల మీద ప్రచారం నడిపారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మార్చి 26న అసెంబ్లీలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేస్తామని ప్రకటించారు. తర్వాత ఈడీ కూడా నటులను పిలిపించి విచారించింది.

నిషేధం ఉంది కాబట్టి ఆట ఆగిందా అంటే, లేదు. కేంద్రం 2022 నుంచి 2025 ఫిబ్రవరి వరకే 1,400కు పైగా బెట్టింగ్, జూదం సైట్లను, యాప్‌లను ఆపమని ఆదేశాలిచ్చింది. 2023 నవంబర్‌లో మహాదేవ్ బుక్ సహా 22 యాప్‌లను ఒక్కసారే ఆపింది. ఒక పేరు పోతే చివర ఒక అంకె మార్చి అదే సైట్ మళ్ళీ వస్తుంది. ఇక్కడే నమ్మకం ప్రశ్నకు పూర్తి జవాబు దొరుకుతుంది. వచ్చే నెల ఏ పేరుతో ఉంటుందో తెలియని దుకాణంలో బ్యాలెన్స్ ఉంచుకోవడం అంటే ఏమిటో వ్యాపారం చేసేవాళ్ళకు వివరించక్కర్లేదు.

పన్ను ఎగ్గొట్టిన సైట్ మనకు లాభమా?

‘ఇందులో జీఎస్టీ లేదు, టీడీఎస్ లేదు’ అని విదేశీ సైట్లు గొప్పగా చెప్పుకుంటాయి. 2023 అక్టోబర్ 1 నుంచి ఆన్‌లైన్ మనీ గేమింగ్‌లో వేసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 40 శాతం. ఆన్‌లైన్ ఆటల్లో నికర గెలుపు మీద 2023 ఏప్రిల్ నుంచి 30 శాతం ఆదాయపు పన్ను ఉంది. సైట్ పన్ను కోయలేదంటే ఆ బాధ్యత పోయినట్టు కాదు, గెలిచినవాడి మెడ మీదనే ఉంది. ప్రభుత్వానికి పన్ను ఎగ్గొట్టడమే తన గొప్పగా చెప్పుకునే దుకాణం, రేపు కస్టమర్‌కు మాత్రం నిజాయితీగా ఇస్తుందని ఎలా నమ్మాలి?

ఖాతా అద్దెకు ఇస్తే కేసు ఇంటికి వస్తుంది

ఓడిపోయే డబ్బు కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. ఈ సైట్లలో డబ్బు వేయడానికి ఇచ్చే యూపీఐ ఐడీ తరచూ మారుతుంటుంది. ఎందుకంటే అవి కంపెనీ ఖాతాలు కావు. మామూలు మనుషుల పేరుతో తెరిచి, నెలకు ఇంత అని అద్దెకు తీసుకున్న బ్యాంకు ఖాతాలు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు ఇస్తే కొన్ని వేలు ఇస్తామని నిరుద్యోగ కుర్రాళ్ళను, కాలేజీ పిల్లలను అడుగుతారు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరో మోసపోయి ఫిర్యాదు చేస్తే, ఆ డబ్బు జాడ ఈ ఖాతా దగ్గరికి వస్తుంది. ఖాతా ఫ్రీజ్ అవుతుంది, నోటీసు ఖాతాదారు పేరు మీద వస్తుంది. ఆడకపోయినా, ఒక్క పందెం కట్టకపోయినా, నిందితుడు అతనే.

గెలిచిన డబ్బు తీసుకున్నవాడికీ ఇదే చిక్కు. ఆ డబ్బు అలాంటి ఖాతా నుంచే వస్తుంది కాబట్టి, జీతం పడే ఖాతా కూడా దానితో పాటు ఆగిపోవచ్చు. ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, దుకాణం మాల్ డబ్బు అంతా అందులోనే ఉంటే పరిస్థితి ఏమిటి?

దీన్ చెప్పిందీ, లెక్క చెప్పిందీ ఒకటే

మన ఇళ్ళల్లో ఈ మాట మైసిర్ అనే ఒక్క పదంతో ముగుస్తుంది. సూరా మాయిదా 90, 91 ఆయత్‌లలో శరాబ్‌తో పాటు జూదాన్ని కూడా దూరం పెట్టమన్న ఆదేశం ఉంది. దానివల్ల మనుషుల మధ్య శత్రుత్వం పుడుతుందని, నమాజ్ నుంచి దూరం చేస్తుందని కారణం కూడా అక్కడే ఉంది. సూరా బఖరా 219లో అందులో కొంత లాభం ఉన్నా దాని పాపం అంతకంటే పెద్దదన్న మాట ఉంది. గెలిచినవాడు అసలు ఉండడని ఎక్కడా చెప్పలేదు. కొంత లాభం కనిపిస్తుందనే చెప్పింది. పైన చూసిన 19లో 10 లెక్క కూడా అదే చెబుతోంది.

అయితే హరామ్ అని ఒక్క మాట అని తలుపు వేస్తే కుర్రాడు ఆగడం లేదు, దాచుకుంటున్నాడు. ‘ఇది జూదం కాదు, నాలెడ్జ్’ అని యాప్ అతనికి చెప్పి పెట్టింది. అతని చేతిలో కాలిక్యులేటర్ పెట్టి, ఒక్కో రేటుతో 100ను భాగించి కూడితే 105 వస్తుందని చూపిస్తే, ఆ మాట అక్కడే కూలిపోతుంది. జుమా బయాన్‌లో దీన్ చెప్పే మాటకు ఇంట్లో ఈ లెక్క తోడైతే రెండూ బలపడతాయి.

ఇంట్లో తెలిస్తే ఏం చేయాలి

మొదటిది, కొట్టడం, తిట్టడం కంటే ముందు మొత్తం ఎంత అన్నది బయటికి రావాలి. బ్యాంకు, యూపీఐ స్టేట్‌మెంట్లు మూడు నెలలవి తీస్తే నిజం తెలుస్తుంది. ఆడేవాడు చెప్పే అంకె దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది. అబద్ధం ఆడాలని కాదు, అతను ఓడింది గుర్తు పెట్టుకుంటాడు గానీ తిప్పింది గుర్తు పెట్టుకోడు.

రెండోది, పోయిన డబ్బు రాబట్టడానికి ఇంకొక్క పందెం కూడా వద్దు. ‘చివరిసారి’ అనే పందెం మీద కూడా అదే కోత పడుతుంది. విత్‌డ్రా కావాలంటే ముందు ‘పన్ను’, ‘వెరిఫికేషన్ ఫీజు’ కట్టమని అడిగితే అది పూర్తి మోసం. అలాంటి చోట ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

మూడోది, మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి, లేదా కేంద్ర హోంశాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. స్క్రీన్‌షాట్లు, యూపీఐ నంబర్లు, ఏజెంటుతో జరిగిన వాట్సాప్ మాటలు చెరిపేయకుండా దాచాలి. ఖాతా అద్దెకు ఇచ్చి ఉంటే, పోలీసులు పిలిచేదాకా ఆగకుండా బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పి మూయించాలి, ఒక లాయర్‌ను కలవాలి.

నాలుగోది, పందెం బాకీనీ, తీసుకున్న అప్పునూ విడిగా రాయాలి. బుకీ బాకీకి కోర్టు బలం లేదు, బెదిరిస్తే పోలీసులకు చెప్పాలి. బ్యాంకు అప్పు, బంధువుల అప్పు మాత్రం తీర్చాల్సిందే. దానికి ఇంట్లోవాళ్ళు కూర్చుని నెలకు ఇంత అని ఏర్పాటు చేసుకోవాలి. ఆడిన మనిషి చేతికి కొంతకాలం పెద్ద మొత్తం, జీతం ఖాతా ఇవ్వకపోవడం అవమానం కాదు, అతనికి కాపలా.

అయిదోది, నిద్ర లేకపోవడం, ఎవరితో మాట్లాడకపోవడం, చచ్చిపోతానన్న మాట నోట రావడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. టెలి మానస్ నంబర్ 14416కు ఏ సమయంలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు. అప్పు కంటే పిల్లవాడు ముఖ్యమని అతనికి నోటితో చెప్పాలి. చాలా ఇళ్ళల్లో ఆ ఒక్క మాటే చెప్పరు.

ఫీజు తక్కువ ఉన్న సైట్ ఏది, నమ్మకమైనది ఏది అని అడిగే కుర్రాడు నిజానికి తెలివైన ప్రశ్నే అడుగుతున్నాడు. కొనే ముందు కోత ఎంత, ఎగ్గొడితే పోయేది ఎవరి దగ్గరికి అని అడగడం బజారులో మన పెద్దలు నేర్పిందే. ఆ ప్రశ్నను చివరిదాకా అడగనివ్వాలి. కోత ప్రతి పందెం మీదా ఉంది, పోవడానికి ఎవరి దగ్గరికీ దారి లేదు అని తేలాక, అలాంటి బేరం సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా ఏ దుకాణదారుడూ చేయడు.